ఆ కారుకు ఏరియల్ ఉండదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలో జరిగే రెట్రో స్లాట్ కార్ల (గాడిలో కరెంటుతో నడిచే చిన్న కార్ల) పందాల గురించి ఒక వ్యాసం వేశారు. మా అబ్బాయి ఫోనులో పంపితే చదివాను. శీర్షిక కింద వేసిన ఫొటోలో కారు నెత్తిన పొడుగాటి ఏరియల్ ఉంది. అది రిమోటు కారు. స్లాట్ కారుకు ఏరియల్ ఉండదు, బ్యాటరీ ఉండదు, స్టీరింగు కూడా ఉండదు. వంకాయ కూర గురించి రాసి బెండకాయ బొమ్మ వేసినట్టుంది. సరే, ఫొటోలు వెతికేవారికి వంద పనులుంటాయని సరిపెట్టుకున్నాను. చివరి పేరాలో మాత్రం "ఇది డబ్బున్న మగవాళ్ళ ఆట, ఎక్కువ ఖర్చు పెట్టినవాడిదే గెలుపు" అని తేల్చేశారు. అక్కడ నాకు ఓపిక చాల్లేదు.

నేనెవరో చెప్పకపోతే ఈ ఉత్తరం మీకు వింతగా ఉంటుంది. నాకు 63 ఏళ్ళు. పుట్టి పెరిగింది, కాపురం చేసింది మచిలీపట్నం చిలకలపూడిలో, పాండురంగస్వామి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో. మా నాన్నది రోల్డు గోల్డు పని. పన్నెండేళ్ళ వయసు నుంచి నేనూ ఆయన పక్కన కూర్చుని గొలుసులకు అతుకులు వేశాను, జూకాలకు బుట్టలు తగిలించాను. పెళ్ళయ్యాక కూడా గ్రోసుకింత అని ఇంటికి తెచ్చుకుని అదే పని చేశాను. ఆరేళ్ళుగా షికాగో శివారులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ నేను చేసే పని రెట్రో స్లాట్ కార్లకు ఛాసిస్‌లు కట్టడం. ఛాసిస్ అంటే పై తొడుగు కింద ఉండే కారు అడుగు చట్రం. ఇప్పటికి పందొమ్మిది కట్టాను. అందులో ఎనిమిది చెత్తబుట్టకు వెళ్ళాయి. మిగిలినవి పందాల్లో తిరుగుతున్నాయి.

మీ పాఠకుల్లో ఎక్కువమంది ఈ ఆటను చూసి ఉండరు కాబట్టి నాలుగు మాటల్లో చెబుతాను. ట్రాక్ నడుము ఎత్తున బల్లలా ఉంటుంది. దాని మీద ఎనిమిది గాళ్ళు కోసి ఉంటాయి. ఒక్కో గాడికి ఒక్కో రంగు: ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ, నీలం, పసుపు, ఊదా, నలుపు. మేము వెళ్ళే చోట ఉన్నది 'కింగ్' రకం ట్రాక్, చుట్టు 155 అడుగులు. కారు అసలు కారులో ఇరవై నాలుగో వంతు. దాని ముక్కు కింద గైడ్ అనే చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, అది గాడిలోకి దిగుతుంది. గాడికి రెండు పక్కలా అతికించిన రాగి అల్లిక పట్టీల్లో 12 వోల్టులకు కాస్త అటూ ఇటూగా కరెంటు ఉంటుంది. గైడుకున్న రాగి కుచ్చులు ఆ పట్టీలను రాసుకుంటూ పోతుంటే మోటారు తిరుగుతుంది. ఆడేవారి చేతిలో ఉండేది ఒక్క మీట. నొక్కితే వేగం. పూర్తిగా వదిలేస్తే మోటారు రెండు కొసలూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, అంతవరకూ పరుగెత్తిన మోటారే జనరేటరై తనకు తానే బ్రేకు వేసుకుంటుంది. వంపులో ఎక్కువ నొక్కారా, కారు గాడి తప్పి ఎగిరి అవతల పడుతుంది. గాడి తప్పడమనే మాట పిల్లల విషయంలో జీవితమంతా వాడాను గానీ, కళ్ళతో చూసింది ఇక్కడికి వచ్చాకే.

1960ల నడిమి ఏళ్ళలో అమెరికాలో ఈ ట్రాకులు ఊరూరా ఉండేవట. ఆ దశాబ్దం ముగిసేసరికి చాలావరకు మూతపడ్డాయి. అప్పుడు జేబులో చిల్లరతో వెళ్ళి ఆడుకున్న పిల్లలు తాతలయ్యాక, ఆ రోజుల్లో ఇత్తడి కడ్డీలు, పియానో తీగ టంకంతో అతికి కట్టుకున్న కార్లనే మళ్ళీ కట్టి పందాలు పెట్టుకున్నారు. రెట్రో అంటే అదే. మీ వ్యాసంలో ఈ ముక్క ఉంది గానీ, 'కట్టుకున్న' అన్న మాట లేదు. అంతా కొన్నట్టే రాశారు.

మొదటిసారి మా మనవణ్ణి దింపడానికి వెళ్ళాను. వాడికప్పుడు పదకొండేళ్ళు. వాడు ఆడుతుంటే నేను వెనక వరుసలో బల్లల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఇత్తడి రేకును ఉక్కు తీగకు అతుకుతున్నాడు. టంకం గడ్డ కట్టి పక్కకు జారుతోంది, ఆయన మళ్ళీ పెడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. అయిదు నిమిషాలు చూశాను. ఆరో నిమిషంలో చేయి ఆగలేదు. తీగను గరుకు కాగితంతో గీకమని సైగ చేసి చూపించాను. కొత్త తీగ మీద నూనె పొర ఉంటుంది, దాని మీద టంకం ఎక్కదు. గీకాడు. ఎక్కింది. నా మొహం వంక చూసి "మీరు ఎవరి అమ్మగారు?" అని అడిగాడు.

పియానో తీగ అంటే పియానోలో మోగే ఉక్కు తీగ. కార్బను ఎక్కువగా ఉన్న గట్టి ఉక్కు. వంచితే వంగి, వదిలితే తిరిగి తన ఆకారానికి వచ్చేస్తుంది. ఛాసిస్ వెన్నెముక ఇదే. గైడ్ పట్టుకునే ముక్కు నుంచి వెనక మోటారు పట్టీ వరకు రెండు పక్కలా రెండేసి, మూడేసి తీగలు వేస్తాం. అంగుళంలో వెయ్యి వంతులు లెక్క. 0.047 తీగ వేస్తే ఒక నడక, 0.055 వేస్తే ఇంకో నడక. రెండింటి తేడా కంటికి కనబడదు, వంపులో కారుకు తెలుస్తుంది. బిరుసు ఎక్కువైతే ఒక చక్రం ట్రాకును వదిలి లేస్తుంది. మెతక ఎక్కువైతే ముక్కు ఒకటి తలిస్తే తోక ఒకటి తలుస్తుంది.

ఇంత తెలిసినదాన్నే గదా అని మొదటి ఛాసిస్‌కు చిలకలపూడి పద్ధతిలో గ్యాసు మంట పెట్టాను. టంకం పారడానికి వేసే వెలిగారం కూడా ఊరి నుంచి తెచ్చుకున్నదే. ఇత్తడికి మంట అలవాటు, రాగికి అలవాటు. ఉక్కు తీగ మాత్రం ఎర్రబడి, చల్లారేసరికి నీలం తిరిగి, పూలదండ కట్టే తీగలా ఎటు వంచితే అటు ఉండిపోయింది. అందులో ఉన్న పొగరంతా మంటలో పోయింది. ఈ పనికి మంట కాదు, టంకం కరిగించడానికి బరువైన మొన ఉన్న కరెంటు కాపు కావాలి. టంకం కూడా నగల టంకం కాదు, తగరం, సీసం కలిసింది. అది 190 డిగ్రీలకే కరిగి పారుతుంది, తీగకు ఏ హానీ జరగదు. యాభై ఏళ్ళ అనుభవం ఉన్నదాన్ని, మొదటి రోజే అడ్డంగా పాడుచేశాను. ఎనిమిదింటిలో అది ఒకటి.

రెండో పాఠం ఇంకా నొప్పి కలిగించింది. ఉక్కుకు టంకం పట్టాలంటే యాసిడ్ ఫ్లక్సు, అంటే టంకం పారేలా చేసే ఘాటైన మందు, వాడాలి. పని అయ్యాక వంట సోడా నీళ్ళలో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో ప్రతి సందూ రుద్ది, కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాయాలి. తొందరలో నేను కుళాయి నీళ్ళతో కడిగి పెట్టేశాను. వారం తరవాత పందెం. మా దగ్గర ఒక్కో రంగు గాడిలో మూడేసి నిమిషాలు ఆడాలి. ఎనిమిది గాళ్ళూ పూర్తయ్యాక మొత్తం ఎన్ని చుట్లన్నది లెక్క. నాలుగు గాళ్ళలో మా మనవడు రెండో స్థానంలో ఉన్నాడు. అయిదోది నారింజ. పొడుగు దారి చివర, కారు బ్రేకు మీద ఉండగా, ముక్కు ఊడి గైడుతో సహా గాడిలో ఉండిపోయింది. మిగతా కారు ఒంటరిగా వెళ్ళి గోడకు కొట్టుకుంది.

ఇంటికి తెచ్చి భూతద్దంలో చూశాను. అతుకు పైన వెండిలా మెరుస్తోంది. కింద, తీగ పక్కన, వెంట్రుక మందాన నల్లటి గీత. లోపల తుప్పు. దాని కింద టంకం తీగను అసలు తడపనే లేదు, పైన పూసినట్టుంది అంతే. మా నాన్న టంకం గురించి ఒక మాట అనేవాడు: "కూర్చున్న టంకం చుట్టం, పారిన టంకం ఇంటి మనిషి." చుట్టం ఎంత నిగనిగలాడినా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు. టంకం సందులోకి నీరు పీల్చుకున్నట్టు పారిపోవాలి, అంచు పలచగా తేలాలి, పైన బుడిపె ఉండకూడదు. ఆ రాత్రి పన్నెండు దాటేవరకు కూర్చుని ముక్కును మళ్ళీ అతికాను. మా కోడలు వంటింట్లో వాసన వస్తోందని కిటికీలు తెరిచింది. బయట మంచు. ఏమీ అనలేదు పాపం. మర్నాడు గ్యారేజీలో ఒక బల్ల, గాలి లాగే ఫ్యాను పెట్టించింది.

ఇక పని అంతటిలో నాకు ఇష్టమైనది ఒకటి చెప్పాలి. ఇది మీ విలేఖరికి ఎవరూ చూపించలేదనిపిస్తుంది. రెండు పక్కలా తీగల వెలుపల ఇత్తడి రేకు పళ్ళేలు ఉంటాయి. కారు పై తొడుగును గుండుసూదులతో బిగించేది వీటికే. పళ్ళేలను నేరుగా అతికేయరు. సన్నటి ఇత్తడి గొట్టాన్ని ముక్కలు కోసి, లోపల తీగ దూర్చి, తలుపు బందులా వేలాడదీస్తారు. వంపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పళ్ళెం, దాని మీదున్న తొడుగు, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా కదులుతాయి. ఆ ఆలస్యంలోనే టైరు ట్రాకును విడవకుండా పట్టుకుంటుంది. బందు బిగుతైతే పళ్ళెం ఉన్నా లేనట్టే. వదులైతే కారు వంపులో దడదడలాడి, ఏ చుట్టూ రెండోసారి ఒకేలా రాదు.

జూకా చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. జూకా బుట్ట కొక్కెంలో ఊగాలి, వణకకూడదు. పెట్టుకున్న మనిషి తల తిప్పితే బుట్ట ఒకసారి ఊగి ఆగాలి. మా వీధిలో ఏ జూకానైనా చెవి దగ్గర పట్టుకుని ఊపి చూసి తీసుకునేవారు. గలగలమంటే తిరిగి ఇచ్చేసేవారు. నేను ఛాసిస్‌నూ అలాగే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు తమ కార్లు తెచ్చి నా చెవి దగ్గర ఊపమంటారు. గొట్టం లోపల టంకం జొరబడితే బందు కదలదు కదా, అందుకని నేను అతికేముందు తీగకు ఒక చుక్క కుట్టుమిషను నూనె రాస్తాను. నూనె ఉన్నచోట టంకం పారదు. అతుకు పూర్తయ్యాక కడిగేస్తాను. పాత పనివాళ్ళకు ఇదంతా తెలుసు, నాదేమీ కనిపెట్టడం కాదు.

కట్టడం పూర్తయితే గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కాలి. ఏ మూల నొక్కినా టక్కుమని చప్పుడు రాకూడదు. ఒక కోడు పొట్టిదైన నులక మంచం మీద పడుకున్నవారికి ఆ చప్పుడు గుర్తుంటుంది. వస్తే ఎక్కడో ఒక తీగ బిగువుతో అతుకు పడిందన్నమాట. వేడి చేసి దాన్ని ఊపిరి తీసుకోనిచ్చి మళ్ళీ చల్లార్చాలి. కొలతకు నేను వాడేది మేపుల్ చెక్క. ఇరుసు గీతలు గీసి, మేకులు కొట్టి నేనే చేసుకున్నాను. యంత్రం మీద కోసిన ఉక్కు పలకలు దొరుకుతాయి, ఖరీదైనవే. నా చెక్క మీద కట్టినవి కూడా గాజు మీద చప్పుడు చేయవు.

మోటారు విషయంలో మీ వ్యాసం పూర్తిగా పొరబడింది. "శక్తిమంతమైన మోటారు కొనగలిగినవారికే" అని రాశారు. మేము ఆడే తరగతిలో మోటారు అందరికీ ఒకటే. సీలు వేసి వస్తుంది, విప్పితే పందెం నుంచి తీసేస్తారు. చేయగలిగింది ఏమిటంటే, కొత్తదాన్ని మూడు వోల్టుల దగ్గర నెమ్మదిగా తిప్పి, లోపల కరెంటు అందించే బ్రష్షులు, అవి రాసుకునే రాగి కమ్యుటేటర్ గుండ్రానికి సరిపడా అరిగేలా చూసుకోవడం. ఆ తరవాత పళ్ళ చక్రాల పొందిక. మోటారు చక్రానికి, ఇరుసు చక్రానికి నడుమ సన్నటి కాగితం పెట్టి దగ్గరకు నొక్కి అతికి, కాగితం లాగేస్తే సరైన సందు మిగులుతుంది. కిందటేడు బందరు వెళ్ళినప్పుడు అప్పడాలు చుట్టి ఇచ్చిన కాగితం మీ పత్రికే. ఆదివారం అనుబంధం కాగితం కాస్త మందం. మామూలు రోజుది సరిగ్గా సరిపోతుంది.

ఖర్చు సంగతికి వస్తాను. కడ్డీలు, తీగ, రేకు, మోటారు, చక్రాలు, పై తొడుగు, రంగులు అన్నీ కలిపి మా ఇంట్లో తయారయ్యే కారు వంద డాలర్ల లోపే. ఇక్కడి లెక్కల్లో అది పిల్లవాడికి ఒక జత మంచి బూట్ల ఖరీదు. డబ్బుకు విలువే లేదని నేను అనను. చేతిలో పట్టుకునే ఆ మీట, అంటే కంట్రోలర్, మంచిదైతే కొన్ని వందల డాలర్లు ఉంటుంది, అది ఉన్నవారికి మీట మీద పట్టు నిజంగానే బాగుంటుంది. మావాడు రెండేళ్ళు ట్రాకు వారి దగ్గర అద్దె కంట్రోలర్‌తోనే ఆడాడు. పేరున్న పనివాళ్ళు కట్టిన ఛాసిస్‌లు కొనుక్కోవచ్చు కూడా. కొనుక్కున్నవాళ్ళు గెలవడమూ చూశాను.

అయితే ఒక రోజు చూసింది మీకు రాయాలి. పందెం మొదలవడానికి అరగంట ముందు ఒకాయన కారు బల్ల మీద నుంచి జారి సిమెంటు నేల మీద పడింది. పేరున్నవారి చేతి పని, ఆయన బాగా ఖర్చు పెట్టి కొన్నది. గాజు మీద పెడితే టక్కుమంది. ఆయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడ పట్టుకుని ఎటు వంచాలో తెలియలేదు. చివరికి నా దగ్గరికి తెచ్చాడు. ఎడమ వైపు వెనక అతుకు ఒకటి బిగువులో ఉంది. చెక్క మీద బిగించి, కాపు పెట్టి, టంకం కరిగేవరకు ఆగి, తీగ తనంతట తాను సర్దుకున్నాక తీసేశాను. పదిహేను నిమిషాలు పట్టింది. ఆ రోజు మా మనవణ్ణి నాలుగు చుట్ల తేడాతో ఓడించింది ఆయనే. మావాడు ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మగవాళ్ళ ఆట అన్నారు. తల లెక్క చూస్తే మీరన్నది నిజమే, కాదనను. చాలా శనివారాలు ఆ గదిలో ఆడవాళ్ళం ఇద్దరమే. కంప్యూటర్ దగ్గర చుట్లు లెక్కపెట్టే ట్రాకు యజమాని భార్య, నేను. నేను మీట పట్టుకోను. ఒకసారి పట్టుకున్నాను, మొదటి వంపులోనే కారు అవతలి గోడ దగ్గర నిలబడ్డ పెద్దాయన పొట్టకు తగిలింది. ఆట మగవాళ్ళదైతే కావచ్చు. మా దగ్గర తిరిగే ఇరవై, ముప్పై కార్లలో పదకొండింటి అడుగు మాత్రం చిలకలపూడి ఆడమనిషి చేతిది. దాన్ని ఎవరి ఖాతాలో రాస్తారో మీరే చెప్పాలి.

పై తొడుగు గురించి కూడా రెండు ముక్కలు. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, కాగితమంత పలచన, వేడి మీద అచ్చులోకి పీల్చి తీసింది. దానికి రంగు లోపలి వైపు వేస్తారు. అంటే అన్నీ తిరగేసి. ముందు సన్న గీతలు, నల్ల అంచులు, తరవాత ముదురు రంగులు, చివరికి లేతవి. పెడన కలంకారీ అద్దకం చూసినవారికి ఈ వరస కొత్త కాదు. అక్కడ కూడా బెల్లం, ఇనుప తుక్కు పులియబెట్టిన కసిమి నలుపుతోనే మొదలు. మా మనవడికి మెక్‌లారెన్ ఎం8బి అనే పాత పందెం కారంటే పిచ్చి. 1969లో అమెరికా, కెనడాల్లో జరిగిన కాన్-యామ్ కార్ల పందాలు పదకొండుంటే పదకొండూ గెలిచింది ఆ జట్టే. దాని రంగును ఇంగ్లీషులో బొప్పాయి రంగు అంటారు. అంగట్లో అదే పేరుతో అమ్మే డబ్బా తెచ్చాడు. చూస్తే అది ఏ బొప్పాయికీ దగ్గరగా లేదు, సంపెంగకు దగ్గరగా ఉంది. బొప్పాయి ముగ్గిన తరవాత రంగేమిటో మా పెరట్లో చెట్టున్నదాన్ని నాకు తెలియదా? చివరికి రెండు రంగులు కలిపి నేనే చేశాను. పందేనికి ముందు కార్లన్నీ వరసగా పెట్టి అందమైనది ఏదో ఓటు వేస్తారు. ఆ కారు రెండుసార్లు నెగ్గింది. పరుగులో మాత్రం అయిదో స్థానం దాటలేదు.

టైర్లు నురుగు రబ్బరువి, ఇరుసు మీదే తిప్పుతూ సానబట్టి గుండ్రం చేస్తారు. అది మనవడి పని, దుమ్ము నాకు పడదు. ట్రాకు మీద, టైర్ల మీద పట్టు కోసం మందు రాస్తారు. ఇప్పుడు రకరకాలు వచ్చాయి గానీ, పాతవాళ్ళు ఇంకా వింటర్‌గ్రీన్ నూనె వాడతారు. మొదటిసారి ఆ తలుపు తీసినప్పుడు గుప్పున కొట్టిన వాసనకు నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మ నడుము నొప్పి వాసన! అమృతాంజనంలో ఉండేది ఆ నూనే. ఆ డబ్బాను 1893లో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మా కృష్ణా జిల్లా వారే. తరవాత 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. పత్రికవారికి రాస్తున్నాను కాబట్టి గుర్తొచ్చింది. ఆ వాసన లేకపోతే నేను ఆ రోజు బయట మా కారులోనే కూర్చుని ఉండేదాన్నేమో. లోపలికి వెళ్ళి కుర్చీ వేసుకున్నది ఆ వాసన వల్లే.

మీ వ్యాసం ముగింపులో "ఇలాంటి ఆటలకు మన దగ్గర నైపుణ్యం లేదు" అని ఒక వాక్యం ఉంది. అది చదివి నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ వేసింది. ట్రాకు లేదు, నిజం. 155 అడుగుల బల్ల వేయడానికి ఎవరికీ తీరిక కూడా ఉండకపోవచ్చు. నైపుణ్యం లేదనడానికి మాత్రం మీరు ఎక్కడ వెతికారు? మీ విలేఖరిని ఒక్క పూట చిలకలపూడి పంపండి. ఏ అరుగు మీదైనా అతుకులు వేస్తున్న ఆడపిల్ల ముందు ఇంత ఇత్తడి రేకు, నాలుగు తీగలు, ఒక గొట్టం ముక్క పెట్టి, ఇది ఊగాలి, వణకకూడదు అని చెప్పమనండి. గ్యాసు మంట మాత్రం పెట్టవద్దనండి. నేను పాడుచేసిన తీగ ఒకటి ఇంకా దాచి ఉంచాను, కావాలంటే చూపించడానికి పంపుతాను.

సవరణ వేయగలిగితే మూడు విషయాలకు వేయండి. మోటారు అందరికీ ఒకటే. ఛాసిస్ చేత్తో కట్టేది. ఫొటో తప్పు. మా ఇరవయ్యో ఛాసిస్ వచ్చే శనివారం ట్రాకు ఎక్కుతుంది, ముక్కు దగ్గర ఈసారి మూడు తీగలు వేశాను. కావాలంటే దాని ఫొటో మావాడు తీసి పంపుతాడు. అడుగు వైపుది కూడా వేయండి, పని అంతా అక్కడే ఉంటుంది. ఏరియల్ మాత్రం ఉండదు.

ఇట్లు,
చిలకలపూడి నుంచి వచ్చి షికాగో శివారులో ఉంటున్న మీ పాఠకురాలు